పొదుగునకు వచ్చిన పెట్ట

ఒక సోదరి మాకు జాబు వ్రాసిరి. పన్నెండు గుడ్లు పెట్టి తమ పెట్టను పొదుగవేసిరట. పది గుడ్లు పిల్లలైనవట. రెండు నెలలు తిరుగునప్పటికి రెండే మిగిలినవట. "ఈ పెట్ట మనకు అచ్చిరాలేదు, వచ్చు సంతలో అమ్మివేయుము" అని అత్తగారు చెప్పుచున్నారట. ఆ పెట్ట ఆమె పుట్టినింటినుండి తెచ్చుకొన్నది. దానివలన వచ్చు గుడ్లడబ్బే ఆమె చేతిలో ఆడు డబ్బు. అమ్మవలెనా, మానవలెనా అని ప్రశ్న.

అమ్మవలదు. పన్నెండింట పది పిల్లలైనవన్నచో ఆ పెట్ట తన పని కొరతలేక చేసినది. చచ్చిన ఎనిమిది పిల్లలును గుడ్డులో చావలేదు; నేలమీద నడచిన తరువాత చచ్చినవి. గుడ్డులోనున్నంతవరకు భారము పెట్టది. గుడ్డు విడిచినది మొదలు సగము భారము మనది. ఈ రెండవ సగమును ఎవరును లెక్కలో వేయరు. గుడ్లెన్ని పెట్టితిరి, పిల్లలెన్ని లేచినవి అని అడుగుదురే కాని, ఎన్ని నిలిచినవని అడుగువారు తక్కువ. కావున ఈ నెల పుటలను పొదుగు పెట్టకే విడుచుచున్నాము.

పుంజునకు మనవారు శాస్త్రమే వ్రాసిరి. ఈకల రంగును బట్టియు, వారమును బట్టియు, దిక్కును బట్టియు పోరులో జయాపజయములు చెప్పు కుక్కుటశాస్త్రము నేటికిని సంక్రాంతి దినములలో చేతులు మారుచునే యున్నది. పల్నాటి కథలో ఒక కోడిపోరుతో మాచెర్లవారు రాజ్యము విడిచి వలసపోవలసి వచ్చెను. అట్టి పుంజును పొదిగి పెంచిన పెట్టను గూర్చి ఆ శాస్త్రములో చెప్పినది లేదు. పెట్టసంగతి అంతయు ఆడువారి నోటనే నిలిచినది. నోటిమాటలో నిజమును కలదు, నిజము కానిదియు కలదు.

నాటు పెట్ట వరుసగా పండ్రెండు, పదునైదు గుడ్లు పెట్టి, పిమ్మట పొదుగునకు వచ్చుట దాని స్వభావము. సాయంకాలము గూటికి పోక గుడ్లగంపలోనే ఉండిపోవును. మేత తగ్గించును. చేయి చాపినచో ఈకలు పొంగించి పొడువవచ్చును. నడచునప్పుడు గొంతులో కొక్కు కొక్కుమని ఒక విధమైన ధ్వని చేయును. ఆ ధ్వని వినిన యిల్లాలికి వేరు గురుతు అక్కరలేదు. రొమ్ముక్రింది ఈకలు రాలి చర్మము వెచ్చగా, బయలుగా కనబడును. ఆ చర్మమే గుడ్డునకు ఆనవలసిన పొయ్యి.

ఇది రోగము కాదు, సోమరితనమును కాదు. మెదడుక్రింద నుండు పిట్యూటరీ గ్రంథినుండి ప్రొలాక్టిన్ అను రసము రక్తములో హెచ్చుటచేత ఇట్లగునని శాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. తల్లులకు పాలు పడుటకు కారణమైన రసమునకును ఇదే పేరు. ఈ రసము హెచ్చినంతకాలము పెట్ట గుడ్డు పెట్టదు. గుడ్లు రొమ్మునకు తగులుచుండుట, చీకటిమూల, వెచ్చదనము దానిని నిలుపును. అవి తొలగినచో అదియు తగ్గును. ఈ యొక్క సంగతి తెలిసియున్నచో పొదుగవేయుటయు, పొదుగు మాన్పుటయు రెండును సులువగును.

గుడ్ల వ్యాపారమునకై పెంచు తెల్ల లెగ్‌హారన్ కోళ్లలో ఈ స్వభావమును తరతరములుగా ఏరివేసినారు. ఏలయన పొదుగునకు కూర్చున్న దినములన్నియు గుడ్డులేని దినములు. హైదరాబాదులోని కోళ్ల పరిశోధనాలయము పెరటికొరకే తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ జాతులును పొదుగుట అరుదు. అవి మన పెట్టకంటె ఎన్నో గుడ్లు పెట్టును. కాని పిల్లలు కావలసినప్పుడు ఆ గుడ్లను నాటు పెట్టక్రిందనే చేర్చవలెను, లేదా యంత్రముక్రింద పెట్టవలెను. యంత్రమునకు విద్యుత్తు కావలెను; 37.5 డిగ్రీల వేడిమి చెదరకుండ రాత్రింబగళ్లు కాపు కావలెను. మన పెట్ట ఈ పనిని గుప్పెడు జొన్నలకు చేయును. ఇంటికి ఒక్క మంచి పొదుగు పెట్ట యుండుట చాలును. తక్కిన పెట్టలు ఏ జాతివైనను కావచ్చును.

పొదుగునకు వచ్చిన పెట్టనెల్ల పొదుగవేయరాదు. మొదటి రెండు మూడు దినములు పనికిరాని గుడ్లు రెండు దాని క్రింద ఉంచి చూడవలెను. పగటివేళ పలుమారులు లేచి తిరుగునది గుడ్లను చల్లార్చును. మనుష్యుని చూచి బెదరి ఎగురునది గుడ్లు త్రొక్కును. మునుపు పిల్లలను చేసి పెంచినదానికి మొదటి మర్యాద. అసీలు పెట్టలు తల్లులుగా మిక్కిలి ధైర్యము కలవి, గ్రద్ద మీదికైనను ఎగురును. కాని బరువైనవి కావున పలుచని పెంకు గల గుడ్లు వాని క్రింద పగులును.

కాలము ముఖ్యము. కార్తికమునుండి మాఘమువరకు మనకు మేలైన కాలము. వానలలో తేమచేత పిల్లలు నిలువవు. రోహిణీకార్తె యెండలలో గుడ్డు పెట్టక్రింద చేరకమునుపే ఆ వేడికి లోపలి జీవము కొంత కదలి, తగిన పొదుగు లేక చచ్చును. అట్టి గుడ్డును మరల ఎంత పొదిగినను ప్రయోజనము లేదు. వేసవిలో పొదుగవేయక తప్పనిచో మూడు నాలుగు దినములలో పెట్టిన గుడ్లనే వాడవలెను. చలికాలములో వారము వరకు నిలువ యుంచవచ్చును. తడియిసుకలో నిలిపిన మట్టిమూకుడులో పొడి ఊక పోసి, గుడ్లను సన్నని కొన క్రిందికి వచ్చునట్లు ఉంచవలెను. కడుగరాదు. పెంకుమీద కంటికి కానరాని పొర యొకటి కలదు. నీటితో అది పోయి మలినము లోపలికి దిగును. మలినమైన గుడ్డును వంటకు ఉంచుకొని, శుభ్రమైనదానిని పొదుగునకు ఏరవలెను. మరీ పెద్దవి, వంకరవి, బీటలువారినవి వలదు.

అంగడిలో కొన్న గుడ్లు పొదుగవేయవచ్చునా అని పలువురు అడుగుచున్నారు. ఆ గుడ్లు పెట్టు కోళ్లమధ్య పుంజు ఉండదు. ఇరువదియొక్క దినములు కాదు, ఏడాది పొదిగినను అవి పిల్లలు కావు. ఎనిమిది, పది పెట్టలకొక పుంజు ఉన్న పెరటి గుడ్లే కావలెను.

పెట్టక్రింద దాగినన్ని గుడ్లే పెట్టవలెను. సామాన్యముగా పది, పన్నెండు. ఒక్క గుడ్డు రెక్క వెలుపల నున్నచో ఆ యొక్కటియే కాదు, మిగిలినవియు చెడును. ఏలయన పెట్ట గుడ్లను దినమునకు పలుమారులు ముక్కుతో త్రిప్పుచుండును, వెలుపలిది లోపలికి, లోపలిది వెలుపలికి పోవుచుండును. బేసిసంఖ్యయే పెట్టవలెనని కొందరందురు. పెట్ట లెక్క పెట్టదు. గంపలో ఇనుపముక్కయో, బొగ్గో వేసినచో ఉరుములకు గుడ్లు చెడవని పెద్దల మాట. వేసినందున హాని లేదు కాని, వేసితిమని గుడ్లను చూడకుండుట హాని. అన్ని గుడ్లను ఒక్కసారిగా, సాయంకాలము, ఒక్కొక్కదానిమీద బొగ్గుతో గురుతు పెట్టి ఉంచవలెను. వేరు పెట్టలు వచ్చి అదే గంపలో గుడ్లు పెట్టి పోవుట కలదు. గురుతులేని దానిని ఆనాడే తీసివేయవచ్చును. లేనిచో కొన్ని పిల్లలు లేచిన నాడు తక్కినవి సగము పొదిగియుండును, తల్లి పిల్లల వెంబడి లేచిపోవును.

గంప వెడల్పుగా, లోతు తక్కువగా ఉండవలెను. అడుగున ఇసుకయు, దానిపై బూడిదయు చల్లి, మెత్తని వరిగడ్డి పరచవలెను. బూడిద పేలను అణచును. పొదుగు పెట్టకు పేలు పట్టినచో దురద భరింపలేక గుడ్లను విడిచి లేచిపోవును; జనులు దానిని "మనసు విరిగినది" అందురు. గడ్డిలో ఎండిన వేపాకు వేయుట మంచిదే. ఎలుక, పాము చొరని మూల చూచుకొని, గంపను ఇటుకలమీద నిలిపి, ఇటుకలను నీరు పోసిన పళ్లెములో ఉంచినచో చీమలు ఎక్కవు. చీమలసంగతి చిన్నదిగా తోచును. గుడ్డు చిట్లి, పిల్ల తల వెలుపల పెట్టినప్పుడు ఆ తడికి చీమలు పట్టినచో పిల్ల పెంకులోనే చచ్చును.

దినమున కొకమారు పెట్ట లేచి మేసి, నీరు త్రాగి, రెట్టవేసి, దుమ్ములో పొరలి, పావుగంటలో తిరిగి కూర్చుండును. జొన్నలు, సజ్జలు, వడ్లు పొడిగింజలుగా పెట్టవలెను. తవుడు తడిపి పెట్టిన రెట్ట పలుచనై గుడ్లు మలినమగును. లేవకుండ మంకుగా కూర్చుండు పెట్టను మనమే మెల్లగా ఎత్తి వెలుపల విడువవలెను. ఎత్తునప్పుడు రెక్కలక్రింద గుడ్డు చిక్కుకొనియున్నదేమో తడవి చూచుకొనుడు.

ఏడవనాటి రాత్రి గుడ్లను పరీక్షింపవలెను. చీకటిగదిలో టార్చిదీపము మీద గుడ్డు పెద్దకొనను ఆనించి చూచినచో, జీవమున్నదానిలో సాలెపురుగువలె ఎఱ్ఱని నరములు నలుదిక్కులకు పాకియుండును. ఏమియు లేక తేటగా వెలుగునది గొడ్డుగుడ్డు. రక్తపు వలయము మాత్రమే కానవచ్చునది మొదటి దినములలోనే చచ్చినది. ఈ రెండింటిని తీసివేయవలెను. ఉంచినచో మురిగి, పగిలి, పక్కవానిని పాడుచేయును. పదునాలుగవనాడు మరియొకసారి చూచి, పదునెనిమిదవనాటి తరువాత తాకరాదు.

ఇరువదవనాడు చెవియొగ్గినచో గుడ్డులోనుండి సన్నని కిచకిచ వినవచ్చును. తల్లియు గొంతు తగ్గించి బదులు పలుకును. పెంకునకు అడ్డుగోడయున్నను వారిద్దరికిని ఆనాటికే పరిచయమైనది. పిల్ల ముక్కుకొనను ఒక చిన్న గట్టిమొన యుండును. దానితోనే పెంకును పొడుచుకొని వచ్చును. ఆ పని ఒక పూట, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును. ఈ వేళ మనవారు ఆతురపడి పెంకు వలువబూనుదురు. వలదు. లోపలి పొరలో రక్తనాళములు ఇంకను ఎండియుండవు. మన గోటికి పిల్ల రక్తము కారి చచ్చును. లేచిన పిల్లకు మొదటినాడు మేత లేకున్నను లోపము లేదు. గుడ్డుసొన మిగిలినది కడుపులోనికి పోయి, ఒకటి రెండు దినములు దానిని పోషించును. అందరును లేచి, ఒడలారి, తల్లిరెక్కలక్రింద నుండి తొంగిచూచువరకు గంప కదపరాదు.

ఇక చచ్చిన ఆ యెనిమిది పిల్లలవంటి వాని సంగతి.

పిల్లకు పుట్టినప్పుడు నూగు మాత్రమే కలదు. ఈకలు వచ్చువరకు తన వేడిని తాను నిలుపుకొనలేదు. తల్లి తెల్లవారగనే మంచులో, తడిగడ్డిలో పిల్లలను తిప్పుటకు బయలుదేరును. పెద్దవి వెంబడించును, చిన్నవి వెనుకబడి, తడిసి, కొయ్యబారును. ప్రక్కనున్న కాకియో, పిల్లియో, గ్రద్దయో తక్కిన పని చేయును. మనము గ్రద్దను తిట్టుదుము. కాని మొదటి పది దినములు తల్లిని తిరుగనిచ్చినదెవరు? పిల్ల దూరి వచ్చునంత సందులు గల పెద్ద కోళ్లగంపను బోర్లించి, తల్లిని దానిలో ఉంచినచో పిల్లలు లోపలికిని వెలుపలికిని వచ్చిపోవుచుండును. చలివేసినప్పుడు రెక్కక్రిందికి పోవును, కాకి వాలినప్పుడు తల్లి పిలుపునకు లోపల దూరును. గంప నీడలో, పొడినేలమీద ఉండవలెను. ఈ యొక్క యేర్పాటుతోనే చాల పిల్లలు దక్కును. దీనికి ఖర్చు లేదు.

పిమ్మట మేత. ఉత్త నూకలతో పిల్ల కడుపు నిండును, ఒడలు పెరుగదు. మొదటి వారములలో పురుగు కావలెను, లేదా పప్పుసత్తువ కావలెను. మెత్తగా దంచిన నూకలలో ఉడికించిన గుడ్డు చిదిమి కలుపుట, రాగిపిండిలో వేరుసెనగచెక్క పొడి కలుపుట మంచిది. ఆ చెక్కకు బూజు పట్టియుండరాదు, ఆ విషము పిల్లలను త్వరగా చంపును. చెదలను పట్టిపెట్టు పాతవాడుక అన్నిటికంటె మేలు. పగిలిన కుండలో గడ్డి, పేడ తడిపి కూరి, పుట్ట దగ్గర సాయంకాలము బోర్లించినచో తెల్లవారుసరికి చెదలు నిండును. నీరు లోతులేని మూకుడులో గులకరాళ్లు వేసి పెట్టవలెను. లోతుపళ్లెములో పిల్లలు పడి చచ్చుట అరుదు కాదు.

మూడవది తెగులు. మన పల్లెలలో కొక్కెర తెగులనునది రాణిఖేత్ వ్యాధి. రెట్ట పచ్చగా, తెల్లగా పలుచనగుట, నోరు తెరచి రొప్పుట, రెక్కలు వ్రేలాడుట, మెడ మెలిదిరుగుట దాని లక్షణములు. వచ్చిన తరువాత మందు లేదు. పసుపు, వెల్లుల్లి, మిరియములు వేసి ఎంతోమంది కాలము పుచ్చుదురు; ఆ లోపల తక్కినవియు పడును. రాకముందు టీకా కలదు. అయిదు మొదలు ఏడు దినముల పిల్లకు కంటిలోనో, ముక్కులోనో ఒక్క చుక్క. ఎనిమిది వారముల ప్రాయమున రెక్కక్రింద సూదిమందు. పశువైద్యశాలలో అడిగినచో చెప్పుదురు. చిక్కంతయు ఒకచోట. సీసా తెరచినచో నూరు పిల్లలకు తగ్గని మందుండును, మంచులో ఉంచవలెను, కలిపిన గంట రెండుగంటలలో వాడివేయవలెను. పది పిల్లలున్న యింటికి దానిని తెచ్చుట దండుగయని మగవారందురు. వారు చెప్పుటయు అబద్ధము కాదు. కాని వీధిలో పది యిండ్లవారు మాటలాడుకొని, ఒకే వారములో పెట్టలను పొదుగవేసినచో పిల్లలన్నియు ఒకే వారమున లేచును, ఒకే సీసా అందరకును చాలును. ఇది మగవారు కుదుర్చలేరు. నూతియొద్ద కుదురవలసిన సంగతి.

చచ్చిన కోడిని వండుటయు, తక్కువ వెలకు అమ్ముటయు, పెంటపై విసరుటయు కూడదు. లోతుగా గొయ్యి తీసి సున్నము చల్లి పాతిపెట్టవలెను. ఒక్కసారిగా పలు కోళ్లు పడినచో చేతితో తాకక పశువైద్యునకు కబురుచేయవలెను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ అను జాడ్యము కనబడినప్పుడు ఈ జాగ్రత్త ఎందులకో అందరకును తెలిసినది.

గుడ్లు లేనప్పుడు, వేసవిలోను, పెట్ట పొదుగునకు వచ్చినచో దానిని మాన్పవలసియుండును. నీళ్లలో ముంచుట, ముక్కురంధ్రములో ఈక గ్రుచ్చుట, కాళ్లు కట్టి మేత మాన్పుట మేము చూచుచున్న పద్ధతులు. మాకివి రుచింపవు. ఇంతకు ముందు చెప్పిన సంగతిని తలపునకు తెచ్చుకొనుడు: చీకటి, వెచ్చదనము, గుడ్డు తాకిడి ఉన్నంతవరకే ఆ రసము. కూర్చున్న మొదటి రెండవ దినములలోనే పెట్టను తీసి, అడుగున సందులు గల తడికెపెట్టెలో, నేలకు జానెడు ఎత్తున, గడ్డి లేక, గాలియు వెలుతురును తగులుచోట మూడు నాలుగు దినములు ఉంచి, మేతయు నీరును నిండుగా పెట్టినచో రొమ్ము చల్లబడి పొదుగు మానును. పది దినములు కూర్చుండనిచ్చి పిదప మాన్పబూనుట కష్టము. కొనితెచ్చిన ఒకటి రెండు దినముల పిల్లలున్నచో మాన్పనే అక్కరలేదు. కొన్నాళ్లుగా కూర్చున్న పెట్టక్రింద రాత్రివేళ ఒక్కొక్కటిగా చేర్చినచో ఉదయమునకు వానికి తల్లియగును. రంగు వేరైనను అది విచారింపదు.

బాతుగుడ్లను పెట్టక్రింద పెట్టినవారు ఇరువదియెనిమిది దినములు ఓపిక పట్టవలెను. అవి నీటిలో దిగిన నాడు ఒడ్డున ఆ తల్లి పడు ఆరాటము చూడలేక మేము ఆ పని మానుకొంటిమి.

తల్లిని ఎన్నాళ్లు పిల్లలతో ఉంచవలెనను ప్రశ్న కలదు. దాని యిష్టమునకు విడిచినచో మూడు నెలలవరకు తిప్పుచుండును. అంతవరకు గుడ్డు లేదు. ఆరేడు వారములకు పిల్లలకు ఈకలు నిండును. అప్పుడు తల్లిని వేరు గూటికి మార్చినచో కొలది వారములలో మరల గుడ్లకు వచ్చును. ఏడాదికి ఒక విడత గుడ్లు అదనముగా చేతికి వచ్చుట కలదు. మార్చుట రాత్రివేళ మేలు. పిల్లలను పాతగూటిలోనే ఉంచి తల్లినే తీయవలెను. చోటు తెలిసిన పిల్లలు రెండు మూడు రాత్రులు అరచి, పిమ్మట ఒకదానినొకటి ఒరసుకొని పండుకొనును. ఆ రెండు మూడు రాత్రులు గూటితలుపు గొళ్లెము స్వయముగా చూచుకొనుడు. పిల్లి వచ్చునది అప్పుడే.